అంచు, గీత, చుక్క: బొమ్మ స్పష్టతను చెప్పే ఇంగ్లీషు మాటల చరిత్ర

ఒక బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చెప్పడానికి ఇంగ్లీషులో డజనుకు పైగా మాటలున్నాయి. షార్ప్‌నెస్, డెఫినిషన్, రిజల్యూషన్, డీటెయిల్, ఫోకస్, అక్యూటెన్స్, క్రిస్ప్, సాఫ్ట్, ఫజ్జీ అంటూ జాబితా సాగుతుంది. పైకి అన్నీ ఒకే సంగతి చెబుతున్నట్టు ఉంటాయి. కానీ ఇవి ఒక్కచోట పుట్టినవి కావు, ఒకేసారి పుట్టినవీ కావు. కొన్ని నక్షత్రాలు చూసేవాళ్లవి, కొన్ని మైక్రోస్కోపు వాడేవాళ్లవి, కొన్ని ఫోటో స్టూడియోలవి, కొన్ని ఫిల్మ్ తయారుచేసే ప్రయోగశాలలవి, కొన్ని నిఘా విమానాలవి. చాలా మాటల వెనక ఒక తగాదా ఉంది. అది తెలిస్తే తప్ప ఒక మాటకూ ఇంకో మాటకూ ఉన్న తేడా పట్టుబడదు.

ఈ తగాదాల్లో పాతది 17వ శతాబ్దిది. ఇప్పుడు పోలండ్‌లో గ్డాన్‌స్క్‌గా పిలిచే డాన్‌జిగ్‌లో యోహానెస్ హెవీలియస్ నక్షత్రాల స్థానాలను టెలిస్కోపు సాయం లేకుండా, పెద్ద పెద్ద లోహపు చట్రాల మీద ఒట్టి కంటితో గురిచూసి కొలిచేవాడు. లండన్‌లో ఉన్న రాబర్ట్ హుక్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. మనిషి కన్ను ఒక నిమిషం కోణం కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూడలేదనీ, అందుకని ఒట్టి కంటి కొలతలకు అంతకు మించిన నిక్కచ్చితనం రాదనీ 1674లో అచ్చయిన తన పుస్తకంలో వాదించాడు. నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు. మీటరు దూరంలో అది 0.3 మి.మీ. కన్నా కాస్త తక్కువ. 1679లో రాయల్ సొసైటీ మాట మీద యువకుడైన ఎడ్మండ్ హేలీ డాన్‌జిగ్ వెళ్లి, హెవీలియస్ కొలతలను తన టెలిస్కోపు కొలతలతో పోల్చి చూశాడు. ముసలాయన లెక్కలు నిమిషంలోపు తేడాతోనే నిలబడ్డాయి. అలాగని హుక్ చెప్పిన హద్దు తప్పూ కాదు. రెండు చుక్కలను రెండుగా చూడటం ఒక పని, ఉన్న ఒక్క చుక్క సరిగ్గా ఎక్కడుందో చెప్పడం మరో పని. రెండో పనిలో కన్ను మొదటి దానికన్నా ఎన్నో రెట్లు నేర్పరి. ఇద్దరూ ఒకే సామర్థ్యం గురించి మాట్లాడుకుంటున్నామనుకున్నారు. విడివిడిగా చెప్పడానికి వాళ్ల దగ్గర మాటలు లేవు.

హుక్ చెప్పిన నిమిషం తర్వాత కంటి డాక్టర్ల గోడకెక్కింది. 1862లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హెర్మన్ స్నెలెన్ తయారుచేసిన అక్షరాల పట్టికలో, నిర్ణీత దూరం నుంచి చూస్తే ఒక్కో అక్షరం 5 నిమిషాల ఎత్తు, అందులోని గీత 1 నిమిషం మందం ఉంటుంది. 6 మీటర్ల నుంచి ఆ వరుస చదవగలిగితే చూపు 6/6.

రిజల్యూషన్ అనే మాటకు ఇల్లు ఆకాశమే. విలియం హెర్షెల్ 18వ శతాబ్ది చివర్లో పొగమరకల్లా కనిపించే నెబ్యులాలను తన పెద్ద టెలిస్కోపులతో చూసి, వాటిలో చాలావాటిని విడివిడి నక్షత్రాలుగా విడగొట్టాడు. ఇలా విడగొట్టడమే రిజాల్వ్ చెయ్యడం. విడివడేవి, విడివడనివి అని నెబ్యులాలు రెండు తరగతులయ్యాయి. పెద్ద టెలిస్కోపు వస్తే మిగతావీ విడివడతాయన్న నమ్మకం ఎంత బలంగా ఉండేదంటే, ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 1845లో నిలబెట్టిన 72 అంగుళాల టెలిస్కోపుతో ఒరాయన్ నెబ్యులా కూడా నక్షత్రాలుగా విడిపోయినట్టే ప్రకటనలు వచ్చాయి. అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీ వాళ్లూ అదే మాట చెప్పారు. 1864 మొదలు విలియం హగ్గిన్స్ స్పెక్ట్రోస్కోపు పెట్టి చూస్తే అలాంటి కొన్ని నెబ్యులాలు నక్షత్రాల గుంపులు కావు, వెలిగే వాయువని తేలింది. ఒరాయన్ అందులో ఒకటి. లేని వివరం కనబడటానికి కంప్యూటర్లే అక్కర్లేదు. ఆశపడిన కన్ను చాలు.

డెఫినిషన్ దీనికి పక్కనే పుట్టిన వేరే మాట. నక్షత్రం చుట్టూ వెలుగు చెదరకుండా, బింబం గుండ్రంగా, అంచు తేటగా నిలిస్తే ఆ టెలిస్కోపుకు డెఫినిషన్ బాగుందనేవారు. పెద్ద అద్దం ఉంటే జంట నక్షత్రాలను విడగొట్టే శక్తి పెరుగుతుంది, కానీ అద్దం రుద్దడంలో లోపం ఉంటే డెఫినిషన్ చెడుతుంది. మొదటిది సైజును బట్టి, రెండోది పనితనాన్ని బట్టి వచ్చేవి. ఎంత మంచి పనితనమైనా దాటలేని హద్దు ఒకటుందని 1835లో జార్జ్ ఎయిరీ లెక్క చూపించింది. వెలుగు తరంగం కాబట్టి, గుండ్రటి రంధ్రంలోంచి వచ్చిన నక్షత్రపు కాంతి ఎప్పటికీ బిందువు కాదు, చుట్టూ వలయాలున్న చిన్న బిళ్ల అవుతుంది. ఇంగ్లండ్‌లో విలియం డాస్ ఏళ్ల తరబడి జంట నక్షత్రాలు చూసి, 4.56ను టెలిస్కోపు వ్యాసపు అంగుళాలతో భాగిస్తే అది విడగొట్టగల కోణం సెకన్లలో వస్తుందని 1867లో సూత్రం ఇచ్చాడు. 1879లో లార్డ్ రేలీ, ఒక బిళ్ల నడిబిందువు రెండోదాని మొదటి చీకటి వలయం మీద పడే దూరాన్ని హద్దుగా పెట్టుకున్నాడు. పాఠ్యపుస్తకాల్లో రేలీ ప్రమాణం ప్రకృతి నియమంలా కనిపిస్తుంది గానీ అది సౌలభ్యం కోసం గీసుకున్న గీత. డాస్ హద్దు దానికన్నా కొంచెం కఠినం, ఎందుకంటే అది డాస్ కళ్లతో తూచింది.

మైక్రోస్కోపు వాడేవాళ్లు ఇంకా ముందుకెళ్లి, గీతలు లెక్కపెట్టే ఆటను మొదలుపెట్టారు. మొదట్లో సీతాకోకచిలుక రెక్కల పొలుసులు, డయాటమ్ గుల్లల మీది సన్నని చారలు పరీక్ష వస్తువులు. ఏ లెన్సు ఏ చారలను చూపిస్తే దాని ప్రతిష్ఠ అంత. ప్రకృతి ఇచ్చిన చారలు ఒకదానికొకటి సరిపోలవు కాబట్టి, జర్మనీలోని పొమెరేనియాలో ఫ్రీడ్రిష్ నోబెర్ట్ వజ్రపు మొనతో గాజు మీద సమానదూరంలో గీతలు గీసే యంత్రం తయారుచేసి, 1840ల నుంచి పరీక్ష పలకలు అమ్మాడు. ఆయన 19 పట్టీల పలకలో అన్నిటికన్నా సన్న పట్టీలో మి.మీ.కు సుమారు 4,400 గీతలుంటాయి. దాన్ని విడగొట్టామని చాలామంది ప్రకటించుకున్నారు. అందులో కొందరు చూసింది వెలుగు అంచుల్లో పుట్టే దొంగగీతలను. అమెరికా సైన్యపు మెడికల్ మ్యూజియంలో జోసెఫ్ వుడ్‌వర్డ్ ఆ పట్టీలను ఫోటో తీసి లెక్కపెట్టి చూపించాకే వాదన సద్దుమణిగింది. 1873లో ఎర్న్‌స్ట్ అబే ఈ శక్తి లెన్సు ఎంత పెద్దది చేసి చూపిస్తుందన్న దాని మీద కాదు, ఎంత వెడల్పు కోణంలో కాంతిని లోపలికి తీసుకుంటుందన్న దాని మీద ఆధారపడుతుందని తేల్చాడు. కాంతి తరంగంలో దాదాపు సగం కన్నా సన్నని వివరాన్ని మామూలు లెన్సు విడగొట్టలేదు.

ఫోటోగ్రఫీ వచ్చేసరికి ఈ మాటలు సిద్ధంగా ఉన్నాయి. 1839 మార్చిలో ప్యారిస్‌లో లూయీ డగేర్ లోహపు పలకల మీద తెచ్చిన ఫోటోలను, అంటే డగేరోటైప్‌లను చూసిన సామ్యూల్ మోర్స్ (టెలిగ్రాఫుతో పేరు రాకముందు ఆయన చిత్రకారుడు) న్యూయార్క్‌కు రాసిన ఉత్తరంలో ఒక వీధి బొమ్మ సంగతి చెప్పాడు. దూరంగా ఒక దుకాణపు బోర్డు ఉంది. దాని మీద అక్షరాల వరుసలున్నాయని కన్ను గుర్తించగలదే గానీ చదవలేదు. 50 రెట్లు పెద్దది చేసే భూతద్దం పెట్టగానే ప్రతి అక్షరమూ చదవడానికి వీలైంది. మనిషి చేత్తో వేసిన ఏ బొమ్మా ఇలాంటి పరీక్షకు నిలవదు. భూతద్దంతో డగేరోటైప్‌ను వెతకడం ఆ తర్వాత ఒక వేడుకైపోయింది. డీటెయిల్ అనే మాట ఫోటో గురించి మాట్లాడేవాళ్ల నోట్లో స్థిరపడింది అప్పుడే.

ఇంగ్లండ్‌లో హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1841లో పేటెంట్ తీసుకున్న కాలోటైప్‌లో నెగటివ్ కాగితం మీద ఉంటుంది. ప్రింటు తీసేటప్పుడు కాగితపు నారలు కూడా అచ్చుపడి, సన్నని వివరం కరిగిపోతుంది. ఎడిన్‌బరోలో రాబర్ట్ ఆడమ్‌సన్‌తో కలిసి వందల కాలోటైప్ చిత్రాలు తీసిన డేవిడ్ ఆక్టేవియస్ హిల్ 1848లో ఒక ఉత్తరంలో ఈ లోపాన్నే సమర్థించాడు. కాగితపు గరుకుదనం వల్లనే కాలోటైప్ వివరంలో డగేరోటైప్‌కు ఓడిపోతుందనీ, దాని ప్రాణం కూడా అందులోనే ఉందనీ ఆయన వాదన. డీటెయిల్‌కు ఎదురుగా నిలబెట్టడానికి చిత్రకారుల దగ్గర బ్రెడ్త్ అనే మాట ఉండేది: ఆకు ఆకూ లెక్కపెట్టకుండా వెలుగునూ నీడనూ పెద్ద పెద్ద రాశులుగా పెట్టడం. స్పష్టత తక్కువైతే లోపం అనే పద్ధతికి పక్కనే, తక్కువైతే గుణం అనే పద్ధతి కూడా మొదలైందన్నమాట. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద కొలోడియన్ పద్ధతి బయటపెట్టాక నారల సమస్య పోయింది, డగేర్ పలకంత వివరం ఎన్ని ప్రింట్లకైనా దక్కింది. అయినా 1853లో లండన్‌లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ మొట్టమొదటి సమావేశంలోనే సర్ విలియం న్యూటన్ అనే చిత్రకారుడు లేచి, కళ కోసం తీసే ఫోటోను కాస్త ఫోకస్ తప్పించి తియ్యాలని ప్రసంగించాడు. సభ్యుల్లో చాలామందికి అది అపచారంగా తోచింది.

ఈ అపచారాన్ని నిలబెట్టింది కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్. 48 ఏళ్ల వయసులో కూతురు, అల్లుడు కానుకగా ఇచ్చిన కెమెరాతో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో కోళ్ల షెడ్డును స్టూడియోగా మార్చుకుని, పెద్ద పలకల మీద దగ్గరనుంచి ముఖాలు తీసింది. ఎక్స్‌పోజర్ నిమిషాల మీద సాగేది, మనిషి ఊపిరి తీసినా అంచు కదిలేది. కన్ను దగ్గర ఫోకస్ ఉంటే చెవి దగ్గర ఉండదు. సొసైటీ పెద్దలు ఆమెకు కెమెరా వాడటం రాదన్నారు. 1864 చివర్లో ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్‌కు రాసిన ఉత్తరంలో ఆమె, న్యాయమైన ఫోకస్ ఏదో నిర్ణయించే హక్కు ఎవరికుందని అడిగింది. కొన్నాళ్లకే లెన్సులవాళ్లు ఆ ప్రశ్నను సరుకుగా మార్చారు. లండన్‌లో డాల్‌మేయర్ 1866లో పేటెంట్ చేసిన పోర్ట్రెయిట్ లెన్సులో వెనక గాజును తిప్పి, కావాల్సినంత మెత్తదనం తెచ్చుకోవచ్చు. సాఫ్ట్ అనేది తిట్టుగా, అమ్మకపు మాటగా రెండు బతుకులు బతకడం ఆనాటి నుంచీ ఉంది.

1889లో ఫోటోగ్రాఫర్ పి. హెచ్. ఎమర్సన్ దీనికి శాస్త్రం జోడించాడు. కంటి నడిభాగమే తేటగా చూస్తుంది, చుట్టూ చూపు పలచబడుతుంది, కాబట్టి ఫోటోలోనూ ప్రధాన వస్తువు తేటగా, మిగతాది దానికన్నా మెత్తగా ఉండాలన్నాడు. ఈ వాదంలో ఒక పొరపాటుంది: ప్రింటును చూసే కన్ను కూడా కదులుతూనే ఉంటుంది, మెత్తగా వదిలేసిన మూల మీదికి అది వెళ్లినప్పుడు అక్కడ మసకే దొరుకుతుంది. ఎమర్సన్ రెండేళ్లలోపే నల్ల అంచు వేసిన కరపత్రం అచ్చువేసి తన వాదాన్ని తానే పాతిపెట్టాడు. అప్పటికే అది ఆయన చెయ్యి దాటిపోయింది. ఫోటోను చిత్రకళలా చెయ్యాలనుకున్న పిక్టోరియలిస్టులు బ్రష్షుతో రుద్దిన గమ్ ప్రింట్లతో, కావాలని లోపం ఉంచిన లెన్సులతో పాతికేళ్లకు పైగా ప్రదర్శనలు నింపారు. వాళ్లను ఎగతాళి చెయ్యడానికి వాడిన ఫజ్జీ అనే మాట ఇప్పటికీ పోలేదు.

ఎదురుదెబ్బ పేరులోనే సంఖ్య పెట్టుకుని వచ్చింది. 1932 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ తదితరులు గ్రూప్ ఎఫ్/64 పేరిట ప్రదర్శన పెట్టారు. పెద్ద కెమెరాల్లో లెన్సు కన్నాన్ని ఎఫ్/64 దాకా మూస్తే ముందున్న రాయి నుంచి వెనకున్న కొండ దాకా అంతా ఫోకస్‌లో ఉంటుంది. కానీ కన్నం చిన్నదయ్యేకొద్దీ ఎయిరీ బిళ్ల పెద్దదవుతుంది. రేలీ ప్రమాణంతో లెక్కేస్తే ఎఫ్/64 దగ్గర లెన్సు మి.మీ.కు 23 గీతల జంటలకు మించి విడగొట్టలేదు, మామూలు 35 మి.మీ. ఫిల్మ్‌కు అది నాసిరకం. మరి వాళ్ల ప్రింట్లు అంత తేటగా ఎలా ఉన్నాయంటే, 8×10 అంగుళాల నెగటివ్‌ను పెద్దది చెయ్యకుండా కాగితానికి ఆనించి కాంటాక్ట్ ప్రింట్ తీసేవారు. 25 సెం.మీ. దూరం నుంచి మంచి చూపున్న కన్ను మి.మీ.కు 7 జంటలకు అటూ ఇటూగా మాత్రమే విడగొట్టగలదు. 23 ఉంటే మూడింతల మిగులు. 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన రాజా దీన్‌దయాళ్ పెద్ద గాజు పలకల నుంచి తీసిన ప్రింట్లు ఇవాళ్టికీ నిజాం దర్బారు దుస్తుల అల్లికను చూపించడానికి కారణం కూడా ఈ లెక్కే. వెస్టన్ 1930లో తీసిన పెప్పర్ నంబర్ 30 ఇంకా చిత్రం. ఒక రేకు గరాటాలో పెట్టిన క్యాప్సికంను ఎఫ్/240 దగ్గర గంటల తరబడి ఎక్స్‌పోజ్ చేశాడు. ఆ కన్నంతో లెక్క 6 జంటలకు పడిపోతుంది, అంటే కంటి హద్దుకు కాస్త దిగువకు. అయినా అది షార్ప్ ఫోటోగ్రఫీకి జెండా అయింది. గీతల సంఖ్య ఒక్కటే షార్ప్‌నెస్ కాదని దీనికన్నా మంచి సాక్ష్యం దొరకదు.

సాక్ష్యాన్ని సిద్ధాంతంగా మార్చడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. 1925లో లైకా వచ్చాక నెగటివ్ 24×36 మి.మీ.కు కుంచించుకుపోయింది, ఎన్‌లార్జర్‌లో పెట్టి పెద్దది చెయ్యడం తప్పనిసరైంది. నెగటివ్ మీద ఎంత చిన్న మసక బిళ్లను బిందువుగా లెక్కవేసుకోవచ్చు? దీనికి సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్ అని పేరు; 35 మి.మీ. ఫిల్మ్‌కు సుమారు 0.03 మి.మీ. అని వాడుక. లెన్సు కంపెనీలు, ఫిల్మ్ కంపెనీలు మి.మీ.కు ఇన్ని గీతలని ప్రచారం మొదలుపెట్టాయి. కొన్నవాళ్లకు తేడా కొట్టింది: ఎక్కువ గీతలు విడగొట్టే ఫిల్మ్ మీద తీసిన ప్రింటు, తక్కువ గీతల ఫిల్మ్ ప్రింటు కన్నా మెత్తగా కనిపించడం మామూలైంది.

రోచెస్టర్‌లోని కొడాక్ పరిశోధనశాలలో జి. సి. హిగ్గిన్స్, ఎల్. ఎ. జోన్స్ 1952లో ప్రచురించిన పని ఇక్కడిది. వాళ్లు ఫిల్మ్ మీద కత్తి అంచును ఆనించి కాంతి ఇచ్చారు. కత్తి కింద నలుపు ఉండదు, పక్కన ఉంటుంది. కానీ సరిహద్దు నిలువుగోడలా ఉండదు, ఎమల్షన్‌లో కాంతి చెదిరి చిన్న వాలు ఏర్పడుతుంది. మైక్రోడెన్సిటోమీటర్‌తో ఆ వాలును మైక్రాన్ మైక్రాన్‌కూ కొలిచి, అవే ఫిల్ములతో తీసిన బొమ్మలను మనుషులకు చూపించి ఏది షార్ప్‌గా ఉందో వరుస పెట్టమన్నారు. మనుషుల వరుస గీతల సంఖ్యతో కలవలేదు. వాలులో అతి నిటారైన ఒక్క చోటు కొలిచినా కలవలేదు. వాలు పొడవునా ఏటవాలుల వర్గాల సగటు తీస్తే కలిసింది. ఆ సగటు నుంచి వచ్చిన సంఖ్యే అక్యూటెన్స్. పిండి పల్చగా చెదిరేలా వేసిన దగ్గర గీతల ముగ్గు కన్నా, అంచు తెగినట్టు పడిన నాలుగు గీతల ముగ్గు దూరం నుంచి తేటగా కనిపించడం లాంటిదే ఇది. కన్ను ముందు అంచును చూస్తుంది, లెక్క తర్వాత.

అంచు మీద కంటికున్న ఈ మోజును ఫోటో చీకటిగదులు అప్పటికే వాడుకుంటున్నాయి. 1865లోనే ఎర్న్‌స్ట్ మాఖ్ వెలుగు, నీడ కలిసే చోట కన్ను తానే ఒక లేత చారనూ ముదురు చారనూ కల్పించుకుంటుందని గమనించాడు. డెవలపర్‌లోనూ అలాంటిదే జరుగుతుంది. నల్లబడే భాగంలో రసాయనం తొందరగా అయిపోతుంది, పక్కన తెల్లటి భాగం నుంచి తాజాది పాక్కుంటూ వచ్చి అంచును మరింత నల్లచేస్తుంది. పల్చటి డెవలపర్‌లో కదపకుండా వదిలేస్తే ఈ గుణం పెరుగుతుంది. 1960ల మొదట్లో బ్రిటన్‌లో జెఫ్రీ క్రాలీ ఎఫ్ఎక్స్ వరుస సూత్రాలు ఇచ్చింది దీనికోసమే. వీటిని హై అక్యూటెన్స్ డెవలపర్లు అన్నారు, వాటితో ఫిల్మ్ గింజ (గ్రెయిన్) కూడా పెరుగుతుంది గనక అందరికీ నచ్చలేదు. ముద్రణ రంగంలో అన్‌షార్ప్ మాస్క్ ఇంకా తెలివైనది. నెగటివ్ నుంచి కావాలనే మసకగా ఒక పాజిటివ్ తీసి, రెంటినీ అతికించి ప్రింటు తీసేవారు. మసక పాజిటివ్ పెద్ద వెలుగునీడల తేడాను తగ్గిస్తుంది, సన్న అంచులను ముట్టుకోదు. ఫలితంగా అంచులు లేచి కనబడతాయి. ఫోటోషాప్‌లో ఈ పేరుతో ఉన్న ఫిల్టర్‌ను చూసి షార్ప్ చేసే సాధనానికి అన్‌షార్ప్ అని ఎందుకు పెట్టారని తికమకపడేవాళ్లకు జవాబు ఆ మసక పాజిటివ్‌లో ఉంది.

గీతలనూ అంచునూ ఒక్క లెక్కలోకి తెచ్చింది ఎంటిఎఫ్ (మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్). 1946లో ఫ్రాన్స్‌లో పియెర్ డ్యుఫియో ఫూరియే గణితాన్ని లెన్సులకు వర్తింపజేశాడు, ఆర్‌సిఏలో ఆటో షేడ్ టీవీ కెమెరాలకు ఇలాంటి పద్ధతే తెచ్చాడు, బ్రిటన్‌లో హెచ్. హెచ్. హాప్‌కిన్స్ దాన్ని లెన్సు డిజైన్‌లోకి ఎక్కించాడు. ఇన్ని గీతల దగ్గర ఆగిపోతుందని ఒక్క సంఖ్య చెప్పే బదులు, లావు గీతలు ఎంత శాతం కాంట్రాస్ట్‌తో వచ్చాయి, సన్నవి ఎంతతో వచ్చాయి అని వక్రరేఖ గీస్తారు. వక్రరేఖ మొదట్లో ఎత్తుగా ఉంటే బొమ్మ క్రిస్ప్‌గా కనిపిస్తుంది, తోక దూరం పోతే సన్న వివరం నిలుస్తుంది. కెమెరా పత్రికలు మైక్రోకాంట్రాస్ట్ అని వాడే మాటకు ఏమైనా అర్థముంటే అది ఈ రెంటి మధ్య ప్రాంతంలోనే ఉంది.

టెలివిజన్ వాళ్లు డెఫినిషన్‌ను వేరే దారి పట్టించారు. జాన్ లోగీ బైర్డ్ తొలి ప్రసారాల్లో బొమ్మకు 30 గీతలే. 1935లో బ్రిటన్‌లో సెల్స్‌డన్ కమిటీ 240 గీతలకు తగ్గనిదాన్ని హై డెఫినిషన్ అంది. 1936 నవంబరు 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బిబిసి ప్రారంభించిన ప్రసారాల్లో బైర్డ్ 240 గీతలు, మార్కోని-ఈఎమ్ఐ 405 గీతలు వారం మార్చి వారం పోటీపడ్డాయి, 1937 ఫిబ్రవరికి బైర్డ్ పద్ధతి మూతపడింది. ఆ హై డెఫినిషన్‌తో పోలిస్తే, తర్వాత వచ్చిన దూరదర్శన్ 625 గీతలు ఎంతో మెరుగు. 1,080 గీతలకు అదే పేరు పెట్టుకున్నాక 625 స్టాండర్డ్ డెఫినిషన్‌కు దిగింది. హై అనే విశేషణం ఎప్పుడూ నిన్నటి టీవీతో పోల్చి చెప్పేదే.

నిఘా రంగం అడిగిన ప్రశ్న వేరు: ఎంత షార్ప్‌గా ఉందని కాదు, దీన్ని చూసి ఏం చెప్పగలరని. అమెరికా వైమానిక దళం 1951లో పెట్టిన మూడు పట్టీల పరీక్ష బొమ్మ ఇప్పటికీ ప్రయోగశాలల్లో కనిపిస్తుంది. ఒక్కో మెట్టుకు పట్టీలు సుమారు 11 శాతం సన్నబడి, ఆరు మెట్లకు సగమవుతాయి. 1958లో అమెరికా సైన్యపు ఇంజనీరు జాన్ జాన్సన్ రాత్రిచూపు పరికరాల మీద మనుషులతో పరీక్షలు చేసి, వస్తువు కనిష్ఠ వెడల్పు మీద ఎన్ని గీతల జంటలు పడితే ఏం చెప్పగలమో లెక్కకట్టాడు. ఏదో ఉందని తెలియడానికి ఒకటి, ట్యాంకా లారీనా అని చెప్పడానికి నాలుగు, ఏ రకం ట్యాంకో చెప్పడానికి ఆరు పైచిలుకు. డిటెక్షన్, రికగ్నిషన్, ఐడెంటిఫికేషన్ అనే ఈ మెట్లు తర్వాత సీసీ కెమెరాల కొలతల్లోకీ దిగాయి. ఉపగ్రహాలకొచ్చేసరికి రిజల్యూషన్ నేల మీద మీటర్లయింది. 1960లో బొమ్మలు తియ్యడం మొదలుపెట్టిన అమెరికా కరోనా ఉపగ్రహాలు చివరి రోజులకు 2 మీటర్లలోపు వస్తువులను చూపించాయి. 1988లో ఎగిరిన భారత ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ కెమెరాల్లో ఒకదానికి ఒక్కో పిక్సెల్ 72.5 మీటర్లు, 1995 నాటి ఐఆర్‌ఎస్-1సికి 5.8 మీటర్లు, 2019 నాటి కార్టోశాట్-3కి మీటరులో మూడో వంతు కన్నా తక్కువ. ఈ బొమ్మలు షాద్‌నగర్‌లో దిగి, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ద్వారా వాడకందార్లకు చేరతాయి. 5.8 మీటర్ల పిక్సెల్ అంటే 5.8 మీటర్ల ఇల్లు గుర్తుపట్టొచ్చని కాదు. జాన్సన్ లెక్క అక్కడా వర్తిస్తుంది.

పిక్సెల్ అనే మాట అచ్చులో కనిపించింది 1965లో, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన ఫ్రెడ్ బిలింగ్స్‌లీ వ్యాసాల్లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే రస్సెల్ కిర్ష్ తన చంటిబిడ్డ ఫోటోను 176×176 చుక్కలుగా స్కాన్ చేశాడు. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరాకు 100×100 చుక్కలు. ఆ తర్వాత మెగాపిక్సెల్ కెమెరా డబ్బా మీదికెక్కి మిగతా మాటలన్నిటినీ పక్కకు నెట్టింది. అమ్మేవాడికి అది సుఖమైన సంఖ్య, ఎందుకంటే అటూ ఇటూ రెండింతల వివరం కావాలంటే నాలుగింతల మెగాపిక్సెళ్లు ప్రకటించుకోవచ్చు. లెన్సు అంత వివరాన్ని మోయగలదా అన్నది డబ్బా మీద ఉండదు. 2010లో యాపిల్ ఐఫోన్ 4 తెరను అంగుళానికి 326 చుక్కలతో రెటీనా డిస్‌ప్లే అంది. అడుగు దూరంలో ఒక నిమిషం కోణానికి ఒక్కో చుక్క అనుకుంటే అంగుళానికి 286 చాలు, కాబట్టి పేరులో కొంత నిజముంది. తెలుగు ఊళ్లలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులవాళ్లు మాత్రం మెగాపిక్సెళ్లు అడగరు. వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫోటోను పన్నెండడుగుల బ్యానర్‌కు పెంచమంటే, బొమ్మ పగిలిపోతుందంటారు. మిగతా లోపాలన్నిటికీ క్లారిటీ లేదన్న ఒక్క మాటతో సరిపెడతారు గానీ, ఫోకస్ తప్పడానికీ, చెయ్యి వణకడానికీ, చుక్కలు చాలకపోవడానికీ ఉన్న తేడా పనిలో వాళ్లకు బాగా తెలుసు.

మసకకు కూడా గౌరవప్రదమైన పేరొకటి ఈ కాలంలోనే వచ్చింది. ఫోకస్ బయట ఉన్న భాగం ఎంత అందంగా మసకబారిందో చెప్పే జపాన్ మాట బోకె. 1997లో అమెరికాలో ఫోటో టెక్నిక్స్ పత్రిక సంపాదకుడు మైక్ జాన్‌స్టన్ దాని మీద వ్యాసాలు వేస్తూ, ఇంగ్లీషువాళ్లు సరిగ్గా పలకాలని స్పెల్లింగ్ చివర ఒక హెచ్ తగిలించాడు. కామెరాన్ కాలంలో లేని ఒక విభజన దీంతో కుదిరింది. సబ్జెక్ట్ షార్ప్‌గా ఉండాలి, వెనక మసక బాగుండాలి. రెంటికీ వేరువేరు మార్కులు.

ఫోన్లలో కెమెరాలు పది ఫ్రేములు కలిపి ఒక ఫోటో చెయ్యడం మొదలయ్యాక, అంచులను సాఫ్ట్‌వేరే పదును పెడుతోంది. ఇంకో అడుగు ముందుకేసి, లక్షల బొమ్మలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాములు ఉన్న చుక్కల మధ్య ఉండదగిన చుక్కలను నింపుతున్నాయి. మైక్రోస్కోపు వాడేవాళ్ల సూపర్ రిజల్యూషన్ అనే పేరే వీటికీ వాడతారు. 2014లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ఎరిక్ బెట్‌జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మెర్నర్ అబే హద్దును దాటినది మాత్రం నిజంగా కొలిచి, మెరిసే అణువులను ఒక్కోసారి కొన్నిటిని మాత్రమే వెలిగించి. ప్రోగ్రాము నింపిన చుక్కకు అలాంటి ఆధారం ఏమీ లేదు. అంచు ఉంటుంది, గీత ఉంటుంది, కెమెరా ముందు అది ఉందా అన్నదే తెలియదు. 2024 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టు ఒక హత్య కేసులో ఫోన్ వీడియోను ఇలా మెరుగుపరిచి తెచ్చిన రూపాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు. ఆ పద్ధతిని ఫోరెన్సిక్ నిపుణులు ఆమోదించలేదనీ, ప్రోగ్రాము ఏది ఉండాలనుకుంటోందో చూపడానికి వాడే దారి బయటివాళ్లకు కనబడదనీ న్యాయమూర్తి చెప్పారు.